వక్కాకు తిత్తి బయటే పెట్టి రండి

నా క్లినిక్‌లో లోపలి గది తలుపు పక్కన గోడకు ఆరు మేకులు వరుసగా ఉండేవి. క్యాలెండర్లకు కాదు, వక్కాకు తిత్తులకు. మా అనంతపురం పల్లెల్లో పెద్దవాళ్ళు నడుముకు దోపుకునే గుడ్డసంచిని తిత్తి అంటారు. దానికి నాలుగైదు అరలుంటాయి. ఒక దాంట్లో ఆకులు, ఒక దాంట్లో వక్కలు, ఇంకో దాంట్లో సున్నం డబ్బీ, పొగాకు. బస్సు టికెట్టూ, చీటీలూ, ఇంటి తాళంచెవీ అన్నీ అందులోనే. ధర్మవరంలో నేను క్లినిక్ తెరిచిన కొత్తలో జనం ఆ తిత్తితోనే కుర్చీ ఎక్కేవాళ్ళు. మత్తు సూది వేసి నేను అటు తిరిగేలోపు ఒక ఆకు మడిచి బుగ్గన పెట్టుకునేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. అందుకే మేకులు కొట్టించి, పైన "వక్కాకు తిత్తి బయటే పెట్టి రండి" అని బోర్డు రాయించాను. చదువు రానివాళ్ళకు క్లినిక్‌లో నాకు సాయంగా ఉండే ఖాజాబీ నోటితో చెప్పేది.

ఆ బోర్డు మీద నాకు చాలా రోజులు గర్వంగా ఉండేది. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

కొత్తగా క్లినిక్ తెరుస్తున్న పిల్లలు ఇది చదువుతారని రాస్తున్నాను. నేను ఎన్ని శిబిరాలు పెట్టానో, ఏ సంఘానికి కార్యదర్శిగా ఉన్నానో మీకు అనవసరం. గుండె జబ్బు ఉన్న మనిషికి పంటి దగ్గర మత్తు సూది ఎలా వేయాలో పుస్తకంలో ఒక పేజీ ఉంటుంది. ఆ పేజీ నాకు పరీక్షకు కంఠతా వచ్చు. అర్థం కావడానికి ఒక మనిషి చచ్చిపోవాల్సి వచ్చింది.

నాకు సూది నేర్పిన పెద్దాయన

చదువు అయ్యాక రెండేళ్ళు ఒక ఆసుపత్రి పంటి విభాగంలో పనిచేశాను. అక్కడి పెద్ద డాక్టరు గారి చెయ్యి మెరుపు. పొద్దున తొమ్మిదికి వరండాలో ఇరవై మందిని వరుసగా బెంచీ మీద కూర్చోబెట్టి, ఆ చివర నుంచి ఈ చివరికి సూదులు వేసుకుంటూ వచ్చేవారు. ఇటు చివరి మనిషికి వేసేసరికి అటు మొదటి మనిషి పెదవి మొద్దుబారి ఉండేది. వెంటనే వెనక్కి వెళ్ళి పళ్ళు పీకడం మొదలుపెట్టేవారు. పదకొండుకల్లా బెంచీ ఖాళీ.

మత్తుమందు అప్పుడు పెద్ద సీసాల్లో వచ్చేది. అందులో కొంచెం అడ్రినలిన్ కలిపి ఉంటుంది. అది రక్తనాళాలను బిగించి మందును అక్కడే పట్టి ఉంచుతుంది, అందుకే మత్తు ఎక్కువసేపు నిలుస్తుంది. అదే మందు పొరపాటున నేరుగా రక్తనాళంలోకి పోతే గుండె పరుగెత్తుతుంది. అందుకని సూది గుచ్చాక పిస్టన్ ఒకసారి వెనక్కి లాగి, రక్తం వస్తుందేమో చూసి, ఆ తర్వాత మెల్లగా మందు వదలాలి. పుస్తకంలో అలాగే ఉంది. పెద్దాయన ఎప్పుడూ వెనక్కి లాగేవారు కాదు. నేనొకసారి లాగితే నవ్వారు.

"ఏమ్మా, ముందుకు తోసేదానికే కదా సిరంజీ ఉండేది? వెనక్కి లాగతా కూచుంటే సాయంత్రం అవుతుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి లాగడం మానేశాను. ఆయన చెడ్డవాడు కాదు. తన చేతిలో ఎవరూ పోలేదు కాబట్టి తన పద్ధతి మంచిదే అనుకున్నారు. మన వృత్తిలో చాలామంది పద్ధతులకు ఆధారం అంతే.

ఆయన రోగిని ఒక్క ప్రశ్న కూడా అడిగేవారు కాదు. అది మాత్రం నాకు నచ్చలేదు. నా క్లినిక్‌లో అలా ఉండకూడదనుకున్నాను. ముందుగదిలో ఖాజాబీకి ఒక మేజా, ఒక రిజిస్టరు ఇచ్చి, ప్రతి మనిషినీ మూడు ప్రశ్నలు అడిగి రాయమని నేర్పాను. బీపీ ఉందా, షుగర్ ఉందా, గుండె జబ్బు ఉందా. ఖాజాబీ అంతకు ముందు బస్టాండు పక్కన పూలు అమ్మిన మనిషి. గొంతు గట్టిది. ఆమె అడిగితే వీధిలోకి వినపడేది. చూశారా, మన దగ్గర ఎంత పద్ధతిగా జరుగుతోందో అని నేను లోపల కూర్చుని మురిసిపోయేదాన్ని.

అమావాస్య రద్దీ

ధర్మవరంలో అమావాస్య నాడు మగ్గాలకు సెలవు. మిగతా రోజుల్లో గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనిషి పంటి నొప్పికని లేచి రాడు, లవంగం నూనె పెట్టుకుని నేస్తూనే ఉంటాడు. అమావాస్య వస్తే మాత్రం వీధికి వీధి నా క్లినిక్‌లోనే. నేసేవాళ్ళూ, వాళ్ళకు పట్టుదారం ఇచ్చి నేయించుకునే యజమానులూ అందరూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళు.

తొంభైల చివర, వరసగా వానలు లేని ఏళ్ళలో ఒక అమావాస్య నాడు చౌడప్ప వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి, వేళ్ళ కొసలకు జరీ రంగు. ఎడమవైపు కింది దవడ వాచి ఉంది. వెంట భార్య అంజినమ్మ. బెంచీ మీద వాళ్ళ పక్కనే చౌడప్పకు దారం ఇచ్చే యజమాని కూర్చుని ఉన్నాడు. కట్టుడు పళ్ళ కొలతకు వచ్చాడాయన. నేను తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను.

ఖాజాబీ ఎప్పటిలాగే అడిగింది. "ఏమప్పా, బీపీ ఉండాదా?"

"ల్యా."

"షుగరు?"

"ల్యా."

"గుండె జబ్బు ఏమన్నా ఉండాదా?"

"ఏమీ ల్యా తల్లీ, రాయిలాగుండా. పన్ను తీసేస్తే రేపు మగ్గానికి వార్పు ఎక్కించుకోవల్ల."

పక్కన యజమాని నవ్వాడు. "ఈయనకు గుండె జబ్బేంది? నా మగ్గాల్లో ఈయనంత గట్టోడు ల్యాడు."

అందరూ నవ్వారు. అంజినమ్మ నవ్విందో లేదో నేను చూడలేదు. ఖాజాబీ మూడు గడుల్లోనూ "లేదు" అని రాసి, చౌడప్ప నడుము దగ్గర తిత్తి చూసి చెయ్యి చాపింది. ఆయన ఒక్క క్షణం తిత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఇది నాతోనే ఉండనీ" అన్నాడు. ఖాజాబీ ఒప్పుకోలేదు. "ఈడ అంతే అప్పా, మేడమ్మ తిడతాది" అని తీసుకుని మేకుకు తగిలించింది. నేను నిజంగానే తిట్టేదాన్ని.

మూడో సూది

వాపు ఉన్న చోట మత్తు సరిగా పట్టదు. మీకు తెలిసిందే. మొదటి సూదికి పెదవి సగం మొద్దుబారింది. పన్ను కదిపితే చౌడప్ప ఎగిరిపడ్డాడు. రెండోది వేశాను. పది నిమిషాలు ఆగాలి, నాలుగు నిమిషాలు ఆగాను. బయట పద్దెనిమిది మంది ఉన్నారు. మళ్ళీ కదిపితే మళ్ళీ ఎగిరిపడ్డాడు. చిరాకు వేసింది. మూడోది నిండుగా ఎక్కించి, పెద్దాయన నేర్పిన వేగంతో వేశాను. వెనక్కి లాగి చూడలేదు.

నిమిషం కాకముందే అన్నాడు: "మేడమ్మా, గుండె దడదడ అంటాండాది."

"భయానికి అట్లే ఉంటుంది చౌడప్పా, గమ్మునుండు."

"ఊపిరి ఆడల్యా."

"నోరు తెరిచి పెట్టుకుంటే అట్లే ఉంటుంది."

నుదుటి మీద చెమట పట్టింది. ఎండాకాలం కాబట్టి చెమట అనుకున్నాను. చేత్తో తుడిచాను, చల్లగా ఉంది. ఆ చల్లదనం నా చేతికి తెలిసింది, బుర్రకు తెలియలేదు. ఆయన ఎడమ చెయ్యి చొక్కా గుండీల దగ్గర పిడికిలి పట్టింది. నొప్పిని ఓర్చుకుంటున్నాడు అనుకున్నాను. ఈ నేల మనుషులు డాక్టరు ముందు అరవరు, చేతికి దొరికింది పట్టుకుంటారు. పన్ను వచ్చేసింది. దాన్ని ట్రేలో వేసి దూది తీసుకుందామని అటు తిరిగాను.

"అమ్మా, ఈయప్ప చూడమ్మా" అని ఖాజాబీ అరిచింది.

ముఖం బూడిద రంగులో ఉంది. కుర్చీ వెనక్కి వాల్చాను. నాడి దొరకలేదు. గుండె మీద నొక్కడం నాకు పుస్తకంలో తప్ప తెలియదు. క్లినిక్‌లో ఆక్సిజన్ సిలిండరు లేదు. ఉమ్మితొట్టికి కొత్త పంపు పెట్టించాను గానీ ఆక్సిజన్ పెట్టుకోవాలని తోచలేదు. అరుపు విని అంజినమ్మ లోపలికి పరిగెత్తి వచ్చింది, మొగుడిని చూసింది, మళ్ళీ బయటికి పరిగెత్తింది. మేకు మీది తిత్తి లాక్కుని వచ్చింది. ముడి రావడం లేదు. పళ్ళతో లాగింది. ఆకులు పడ్డాయి, వక్కలు పడ్డాయి, సున్నం డబ్బీ దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. చివరి అరలోంచి చిన్న తెల్లమాత్రల పట్టీ తీసింది.

"నాలిక కింద పెట్టమన్యాడు బెంగుళూరు డాక్టరు" అంటూ ఒక మాత్ర చించి, నేను అప్పుడే పన్ను పీకిన ఆ నోట్లో పెట్టబోయింది. నేను ఆ పట్టీ చూశాను. గుండె నొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకునే మాత్ర.

జీపులో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ చెయ్యి పట్టుకుని చూసి వదిలేశారు.

యజమాని సాక్ష్యం

సాయంత్రానికి నా క్లినిక్ ముందు వంద మంది దాకా చేరారు. అద్దాలు పగులుతాయని ఎదురింటివాళ్ళు నన్ను లోపలే ఉండమన్నారు. నన్ను కాపాడింది ఆ యజమానే. మెట్ల మీద నిలబడి అందరికీ చెప్పాడు.

"డాక్టరమ్మ తప్పేం ల్యా అప్పా. గుండె జబ్బు ఉండాదా అని అడిగిరి. ల్యా అన్యాడు. నేను పక్కనే ఉంటి, నా చెవులతో వింటి. ఆయప్పే దాచిపెట్టినాడు."

నేను రిజిస్టరు తెచ్చి చూపించాను. "గుండె జబ్బు: లేదు." జనం మెల్లగా కదిలిపోయారు. ఎన్ని సూదులు వేశానని, ఎంత వేగంగా వేశానని, వెనక్కి లాగి చూశానా అని ఒక్కరూ అడగలేదు. ఆ గడులు నా రిజిస్టరులో లేవు.

ఆయన ఎందుకు దాచాడో నాకు ఆ రాత్రికే అర్థమైంది. వార్పు అంటే నిలువు పోగుల పట్టు. మగ్గానికి ఎక్కిస్తే రెండు నెలలు దిగదు. ఖరీదైన దారం. గుండె జబ్బు మనిషికి ఏ యజమానీ ఇవ్వడు, సగంలో ఏమైనా అయితే అది అలాగే మగ్గం మీద ఉండిపోతుందని భయం. వార్పు రాకపోతే మగ్గం ఉండీ లేనట్టే. అలాంటి మనిషిని, యజమాని మోచెయ్యి తగిలేంత దగ్గర కూర్చోబెట్టి, వీధికి వినపడే గొంతుతో నేను అడిగించాను. దాన్ని అడగడం అంటారా? అబద్ధం చెప్పమని బలవంతపెట్టడం అంటారు.

నా సూది వల్లే పోయాడా, ఆ గుండె ఎలాగూ ఆ రోజే ఆగేదా? నాకు తెలియదు. మందు నేరుగా రక్తనాళంలోకి పోయిందో, నొప్పికి, భయానికి ఆయన గుండే తట్టుకోలేకపోయిందో చెప్పలేను. దడగా ఉందని ఆయన చెప్పినప్పుడు ఆపి, లేపి కూర్చోబెట్టి, ఆ తిత్తి చేతికి ఇచ్చి ఉంటే బతికే అవకాశం ఉండేది. ఇది మాత్రం తెలుసు.

మజ్జిగను ఊదుకున్న కాలం

పాలు తాగి నోరు కాలితే మజ్జిగ కూడా ఊదుకుని తాగుతారు. నేనూ అంతే చేశాను. గుండె జబ్బు అన్న మాట వినపడితే చాలు, అడ్రినలిన్ లేని మందు మాత్రమే వాడటం మొదలుపెట్టాను. లేదా గుండె డాక్టరు దగ్గర చీటీ తెమ్మని పంపేసేదాన్ని. ఆ డాక్టర్లు బెంగుళూరులోనో కర్నూలులోనో ఉంటారు. తనకల్లు నుంచి రెండు బస్సులు మారి వచ్చిన ముసలావిడ ఆ చీటీ కోసం ఎక్కడికి పోతుంది? చీము దవడతో ఇంటికే పోతుంది. అది జాగ్రత్త కాదు. చావు నా కుర్చీలో కాకుండా ఇంకెక్కడైనా జరగాలని కోరుకోవడం.

రెండేళ్ళ తర్వాత బత్తలపల్లె నుంచి ఒక రెడ్డిగారు వచ్చారు. ఊళ్ళో పెద్దరికం, రాజకీయం, గుండెకు ఒకసారి నొప్పి వచ్చి తగ్గిన మనిషి. ఆయనకు అడ్రినలిన్ లేని మందు వేశాను. పది నిమిషాల్లో మత్తు దిగిపోయింది, పన్ను సగం కదిలి ఉంది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

"ఏమమ్మా, ప్రాణమున్నట్లే పీకతావా?" అని కుర్చీ చేతులు పట్టుకున్నారు. బీపీ చూస్తే నాకే కళ్ళు తిరిగాయి. పని ఆపేశాను. అప్పటికి తిత్తులు లోపలికి రానిస్తున్నాను కాబట్టి ఆయన మాత్ర ఆయన నడుముకున్న తిత్తిలోనే ఉంది. వేసుకుని గంట పడుకుని తేరుకున్నారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినంత పనైంది.

ఆయనకు వైద్యం చేసే గుండె డాక్టరుకు నేనే ఫోను చేశాను. ఆయన మెత్తగా మాట్లాడలేదు.

"మీ సూదిలో ఉండే అడ్రినలిన్ ఎంతమ్మా? నొప్పి పుడితే ఆయన ఒళ్ళే అంతకు ఎన్నో రెట్లు వదులుతుంది. మత్తు సరిగా ఇవ్వండి. కొంచెమే ఇవ్వండి, మెల్లగా ఇవ్వండి, వెనక్కి లాగి చూసి ఇవ్వండి. మందుకు భయపడి మనిషిని హింస పెట్టకండి."

అంతే కదా, పుస్తకంలో పేజీ కూడా అదే చెప్పింది. అప్పటి నుంచి నా పద్ధతి మారింది. గుండె మనిషికి పొద్దున్నే మొదటి నంబరు, బయట రద్దీ లేనప్పుడు. కుర్చీ పూర్తిగా వాల్చను. ముందు బీపీ, నాడి. అడ్రినలిన్ మందు మొత్తం మీద మూడు మిల్లీలీటర్లు దాటను, మత్తు పట్టకపోతే ఆ రోజుకు ఆపి వాపు తగ్గాక రమ్మంటాను. గుండెపోటు వచ్చి కొద్ది వారాలే అయితే, తప్పనిసరి అయితే తప్ప ముట్టుకోను, ఆయన డాక్టరుతో నేనే మాట్లాడతాను. రక్తం పలచబరిచే మాత్రలు నా మాట మీద ఎవరినీ ఆపనివ్వను. దడ అని రోగి అంటే అది భయమని నేను తేల్చను, చెయ్యి ఆపి నాడి చూస్తాను. నాలుక కింది మాత్ర ట్రేలో పనిముట్ల పక్కన ఉంటుంది. ఆక్సిజన్ కొన్నాను. గుండె మీద నొక్కడం బొమ్మ మీద నేర్చుకున్నాను, ఖాజాబీకి కూడా నేర్పించాను. ఆ మూడు ప్రశ్నలు తలుపు మూసి నేనే అడుగుతాను. మేకులు పీకించేశాను. బొక్కలకు సున్నం పూసినా అవి కనపడుతూనే ఉండేవి.

ఇక నా వైపు నుంచి తప్పు లేదనుకున్నాను.

అంజినమ్మ

చౌడప్ప పోయిన ఏడెనిమిదేళ్ళకు ఒక పొద్దున మొదటి నంబరులో అంజినమ్మ వచ్చింది. జుట్టు తెల్లబడింది. కుడివైపు పన్ను కదులుతోంది. నేను గుర్తుపట్టాను, ఆమె కూడా. ఊళ్ళో ఇంకో ఇద్దరు పంటి డాక్టర్లు ఉండగా ఇక్కడికి ఎందుకు వచ్చిందో నేను అడగలేకపోయాను. ఆమె నడుముకు అదే తిత్తి ఉంది. గోడ వైపు చూసింది, మేకులు లేవని చూసి తిత్తితోనే లోపలికి వచ్చి కూర్చుంది.

తలుపు మూసి మూడు ప్రశ్నలూ అడిగాను. బీపీ ఉంది, మాత్ర వేసుకుంటోంది. గుండె బాగానే ఉందన్నారట. అప్పుడు చౌడప్ప ఎక్కించుకోవాల్సిన వార్పు ఏమైందని అడిగాను.

"ఆయప్ప పోయినంక యజమాని పక్కింటోళ్ళకిచ్చినాడు. నేను మల్ల అడిగి అడిగి ఇంగో వార్పు తెచ్చుకొంటి. ఇప్పుడు నేనే నేస్తాండా."

సిరంజీలోకి మందు ఎక్కించి, దాన్ని మళ్ళీ ట్రేలో పెట్టేశాను. ఇంతకాలం ఎవరూ అడగలేదని ఎవరికీ చెప్పని మాట ఆమెకు చెప్పేశాను. ఆ రోజు మూడు సూదులు వేశానని, మూడోది రక్తనాళంలో పడిందో లేదో చూడకుండా తొందరగా తోశానని, దడ అంటే వినలేదని చెప్పాను. "ఆయన దాచాడని అందరూ అన్నారు. నేనూ దాచాను అంజినమ్మా" అన్నాను.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

"ఆయప్పను అడిగితిరి మేడమ్మా. ల్యా అన్యాడు. యజమాని పక్కనే కూచోనుండె, ఇంగేమంటాడు? నేనూ ఆ బెంచీ మిందనే ఉంటి. నన్ను ఎవురూ అడగల్యా. ఆయప్పకు వార్పు గావల్ల. నాకు ఆయప్ప గావల్ల. నన్ను లోపలికి పిల్చి ఒక మాట అడిగింటే చెప్పేదాన్ని."

తలుపు మూసి రోగిని అడగడం దాకా నేర్చుకున్నాను. వెంట వచ్చిన మనిషిని వేరుగా పిలిచి అడగాలని అన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. మీకు చెప్పడానికి నా దగ్గర ఉన్న ఆఖరి మాట అదే, అది నాది కాదు, ఆమెది.

అంజినమ్మ తిత్తిని ఒళ్ళో సర్దుకుని తల వెనక్కి ఆనించింది.

"ఇంగ వెయ్యి మేడమ్మా" అంది. "మెల్లగ వెయ్యి."

పిస్టన్ వెనక్కి లాగి చూశాను. రక్తం రాలేదు. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి, నా చేతినే చూస్తున్నాయి. గోడ గడియారం చూసుకుంటూ రెండు నిమిషాలు పట్టేలా వేశాను.